విప్పని బండి

గురువారం పొద్దున బండాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య వాళ్లక్కగారింటికి బయల్దేరాక, తను వెనక బస్సు పట్టుకుని ఊరి బయట ఉన్న గుర్రాల సంరక్షణశాలకు వెళ్లాలి. కంచె ఇవతలి నుంచే చుక్కను ఒకసారి చూడాలి. తింటోందా లేదా, అదొక్కటి కళ్లారా చూస్తే చాలు. భార్య తిరిగొచ్చే వేళకు ఏమీ ఎరగనట్టు గుమ్మం ముందు మెట్టు మీద కూర్చోవాలి.

చుక్క ఆయన బండి గుర్రం. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న గోధుమరంగు ఆడగుర్రం. స్టేషనులో దిగినవాళ్లను హోటళ్లకు చేర్చడం, సాయంత్రాలు షికారు జనాన్ని పార్కు చుట్టూ తిప్పడం దాని పని. రెండు నెలల కింద గుర్రాల డాక్టరు దాని ముందుకాలి మోకాలు నొక్కి చూసి, "ఇక ఇది బండి లాగకూడదండీ. లాగిస్తే ఏదో రోజు రోడ్డు మీదే కూలబడుతుంది," అన్నాడు. బండాయన వాదించలేదు. అంతకు ముందు నుంచే ఎత్తు వస్తే తను దిగి పక్కన నడుస్తున్నాడు. దాన్ని సంరక్షణశాల గేటు దగ్గర ఆ డాక్టరుకే అప్పగించి, వెనక్కి చూడకుండా వెళ్లిపొమ్మని ఆయనంటే అలాగే వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి తెల్లవారకముందే మెలకువ వస్తోంది. లేచి చేయడానికి ఏమీ లేదు. ఖాళీ గుర్రపుసాలను ఊడవాల్సిన అవసరమూ లేదు. అయినా భార్య రోజూ ఊడుస్తోంది. ఎందుకని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ ఇంట్లో మాటలు ఎప్పుడూ పొదుపే. చుక్క వెళ్లాక పొదుపు పిసినారితనం అయింది.

ఆమె మాత్రం ఓ నెల నుంచి ప్రతి గురువారం అక్కగారింటికి వెళ్లొస్తోంది. అక్కగారికి మోకాలి నొప్పి. పోయినవారం వచ్చి, అడగకుండానే చెప్పింది. "వాపు తగ్గింది. తిండి పర్లేదు. సాయంత్రమైతేనే దిగులు. గుమ్మంలోకొచ్చి నిలబడుతోంది, ఎవరో వస్తారన్నట్టు." బండాయన ఊఁ అన్నాడు. వదినగారి దిగులుతో ఆయనకేం పని?

సంరక్షణశాల గేటుకు అప్పుడు లేని పెద్ద బోర్డు ఉంది: బండివాళ్లకు, సవారీ గుర్రాలవాళ్లకు, వాళ్ల కుటుంబాలకు ప్రవేశం లేదు. ఇది ఆయన లెక్కలో లేదు. వెనక్కి తిరగబోతుంటే లోపలి నుంచి చురుకైన ఒకావిడ వచ్చింది. అక్కడి మేనేజరమ్మ.

"ఎవరు కావాలండీ?"

"ఎవరూ వద్దండీ. ఊరికే."

"ఊరికే ఇంత దూరం ఎవరొస్తారండీ? దత్తత కోసమా?"

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాడికైనా ఆలోచించుకునే టైము దొరికి ఉంటుంది. బండాయనకు అదీ లేదు. తలూపాడు.

"అయ్యో, లోపలికి రండి. బండివాళ్ల తాలూకు కాదు కదా మీరు? ఏమనుకోకండి. ఒకాయన ఇలాగే చూసిపోతానని వచ్చి, ముసలి గుర్రాన్ని ఊరేగింపుకి అద్దెకు తోలుకుపోయాడు. మూడు కాళ్ల మీద తిరిగొచ్చింది. అప్పట్నుంచి రూలు పెట్టాను. మీరేం చేస్తుంటారు?"

ఎదురుగా గేటుకు తాళం కనబడింది. "తాళాలు బాగుచేస్తానండీ," అన్నాడు. గడియారం కనబడి ఉంటే గడియారాలనేవాడు.

"గుర్రాల గురించి ఏమైనా తెలుసా?"

"బొత్తిగా తెలీదండీ. తల ఎటో తోక ఎటో చూసి పోల్చుకోవాల్సిందే."

"చాలా మంచిది. తెలుసన్నవాళ్లతోనే మాకు చిక్కు."

తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్నలు పిల్లనిచ్చేవాళ్లు కూడా అడగరు. ఇంట్లో నీడ ఉందా, నేల గట్టిదా మెత్తదా, కోపమెక్కువా, తాగుతారా. అన్నిటికీ ఆయనకు అబద్ధం చెప్పనక్కర్లేకుండానే జవాబులు దొరికాయి. మాట్లాడుతూనే కళ్లు మైదానం గాలిస్తున్నాయి. అల్లంత దూరాన, చివరి కంచె దగ్గర, గోధుమరంగు నడుము కనబడింది. మెడ కిందికి ఉంది. గడ్డి మేస్తోంది. ఆయన చూపు అక్కడే ఆగిపోయింది.

"అదా? దాని పేరు వెన్నెల," అంది మేనేజరమ్మ. "అసలు పేరు వేరే ఏదో ఉండేది. అది వింటే పాత కష్టాలు గుర్తొస్తాయని మార్చాం. కొత్త పేరుకు తల తిప్పదు. పాత పేరు మేం పిలవం."

"తింటోందాండీ?"

"పగలు తింటుంది. మోకాలి వాపు తగ్గింది. సాయంత్రమైతేనే దిగులు. గేటు దగ్గరకొచ్చి నిలబడిపోతుంది. పడుకోదు, పొర్లదు. అంతా ఆ బండివాడి పుణ్యం."

వాపు తగ్గింది, సాయంత్రం దిగులు. ఈ మాటలు ఎక్కడో విన్నట్టుంది బండాయనకు. కానీ చివరి మాట ఎక్కువ గుచ్చుకుంది. "ఏ బండివాడండీ?"

"దీన్ని తోలినవాడు. రాక్షసుడట లెండి. ఎండనక వాననక తిప్పేవాడట. చేతిలో కొరడా దిగేది కాదట. ఇంట్లో భార్యతో ఒక్క ముక్క మాట్లాడడట. గుర్రంతో మాట్లాడినంత కూడా ఆవిడతో మాట్లాడడట. పాపం, ఆవిడ చాలా మంచిదట. వంట కూడా బాగా చేస్తుందట. అలాంటివాణ్ణి ఏం చెయ్యాలంటారు మీరు?"

"బండికి కట్టాలండీ," అన్నాడు బండాయన నీరసంగా. "ఇదంతా ఎవరు చెప్పారు?"

"వాళ్ల పక్కింటావిడే. ప్రతి వారం వచ్చి దీనికి పెట్టి, మాకు కూడా సాయం చేసి పోతుంది. క్యారెట్లమ్మ అంటాం మేం."

బండాయన ఇంటికి ఒక పక్క గోదాము గోడ. రెండో పక్క ఇస్త్రీ చేసుకునే ఆవిడ. సాయంత్రం ఇంటికి వెళ్లగానే ఆ ఇస్త్రీ ఆవిడను ఏమడగాలో మనసులో ఒక వాక్యం కూర్చుకోసాగాడు. ఆయన కూర్చుకున్నవాటిల్లో అదే పొడుగుది.

"ఆవిడ ఇక్కడే ఉంది. క్యారెట్లమ్మా! ఒకసారి ఇటు రండి."

దాణా గదిలోంచి బకెట్టు పట్టుకుని బండాయన భార్య వచ్చింది.

తేలు కుట్టిన దొంగ ఒకడే ఉంటే నోరు మూసుకుంటాడు. ఇద్దరుంటే ఎవరు ముందు మూసుకోవాలో తెలీదు. ఆమె బకెట్టు కింద పెట్టింది, చేతులు తుడుచుకుంది, రెప్ప వాల్చకుండా అంది: "నమస్కారం అన్నయ్యగారూ."

ఇన్నేళ్ల కాపురంలో 'ఏమయ్యా' తప్ప మరో పిలుపు ఎరగని నోరు అది. బండాయనకు పొలమారింది. దగ్గు మధ్యలో వదినగారి మోకాలు గుర్తొచ్చింది. ఆ వాపు, ఆ తిండి, ఆ గుమ్మం ఎవరివో అప్పటికి తెలిసింది.

"ఈయన వెన్నెలను దత్తత తీసుకుంటారట," అంది మేనేజరమ్మ.

"అలాగా. ఇంట్లో చెప్పే వచ్చారా అన్నయ్యగారూ?"

"మనిషి ఇంట్లో ఉంటే గదమ్మా చెప్పేది? అక్కగారింటికని పోయింది."

"ఉన్నప్పుడు మాత్రం చెప్పే అలవాటుందా ఏమిటి?"

"అమ్మా, ఆ బండివాడి చేతిలో కొరడా మీరు కళ్లారా చూశారా?"

"చూశాను. ఈగల్ని తోలేవాడు."

మేనేజరమ్మ ఆమెకేసి చూసింది. "కొట్టేవాడన్నారుగా?"

"ఈగల్నే," అంది ఆమె.

మేనేజరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత, "సరే, దాన్ని దగ్గర్నుంచి చూద్దురు గానీ. మైదానం గేటు తాళం వారం నుంచి బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదు. చుట్టూ తిరిగి పోతున్నాం. మీరెలాగూ తాళాలాయనే," అంది.

గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. బండాయన తాళాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. డెక్క కింద రాయి ఇరుక్కుందేమో చూసినట్టు తిప్పి చూశాడు. చివరికి పక్కనున్న బండరాయి ఎత్తి ఒక్కటి వేశాడు. తాళం ఊడింది. దాంతోపాటు గొళ్లెం ఊడింది. కిందిబందు ఊడి గేటు ఒక పక్కకు వాలింది.

"మీరు బాగుచేసేది ఇలాగేనా అన్నయ్యగారూ?" అంది భార్య.

వాలిన గేటు చూసి, పార్కులో పిల్లలను ఎక్కించుకుని తిరిగి రిటైరైన సవారీ గుర్రం ఒకటి తీరిగ్గా బయటికి నడిచింది. దాని వెనక ఇంకోటి. బయటి గేటు తెరిచే ఉంది, ఆ పక్కనే లారీలు పోయే రోడ్డు. మేనేజరమ్మ చేతులు చాపి అడ్డం పరిగెత్తింది. అవి ఆవిణ్ణి గౌరవంగా తప్పించుకుని ముందుకే పోయాయి.

బండాయన ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే నోరు మూసుకునేవాడే. నాలుక అంగిలికి కొట్టి టక్కుమనిపించి, "హో... హో..." అన్నాడు. పెద్దగా కూడా కాదు. సవారీ గుర్రాలు రెండూ ఎక్కడివక్కడ ఆగాయి. గడ్డిమోపులు మోసే మనిషి వచ్చి వాటిని పట్టుకున్నాడు.

కానీ మైదానం చివర గోధుమరంగు మెడ పైకి లేచింది.

చుక్క వచ్చింది. పరిగెత్తలేని కాలితో పరిగెత్తుతూ వచ్చింది. ప్రతి అడుగుకీ తల ఊగుతోంది. బండాయన "వద్దే, వద్దే," అంటూ చెయ్యెత్తాడు. అది ఎన్నడూ ఆయన చేతికి ఎదురు చెప్పింది కాదు, ఇవాళ చెప్పింది. దగ్గరకొచ్చి ఆయనను వాసన చూడలేదు, మూతి ఆనించలేదు. వెనక్కి తిరిగింది. రెండు గేటుస్తంభాల మధ్యకు ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ వచ్చి, బండి ముందుకర్రల నడుమ నిలబడినట్టు సరిగ్గా నిలబడింది. చెవులు వెనక్కి పెట్టి, కట్టమని ఎదురుచూసింది.

చూడాలని వచ్చినవాడికి వీపు చూపించింది. బండి గుర్రం తన మనిషికి చేసే మర్యాద అదే.

దాని మోకాలి దగ్గర చర్మం అదురుతోంది. కట్టడానికి అన్ని మాటలూ తెలిసిన బండాయన దగ్గర, వద్దు అని చెప్పడానికి ఒక్క మాటా లేదు. రెండు నెలలుగా ప్రతి సాయంత్రం అది ఈ గేటు దగ్గర ఎందుకు నిలబడిందో ఆయనకు అర్థమైంది. పారిపోవడానికి కాదు. దాని లెక్కలో, పొద్దున ఇంటి దగ్గర ఆయన కట్టిన బండి ఇంకా ఎవరూ విప్పలేదు.

అప్పుడు ఆయన భార్య వెళ్లింది. రోజూ సాయంత్రం బండి ఇంటికొస్తే ఆయన మెట్టు మీద చతికిలబడేవాడు, విప్పేది ఆమే. ఎడమ భుజం దగ్గర లేని పట్టీని లాగి వదులు చేసింది. పొట్ట కింద లేని బకిలు తీసింది. మెడలోంచి లేని పట్టెడను రెండు చేతులా ఎత్తి, బరువుగానే, పక్కన పెట్టింది. చివరికి నోట్లోంచి లేని కళ్లెం తీసి మెడ మీద ఒక్కటి చరిచింది.

"అయిపోయిందమ్మా ఇవాళ్టికి. పో."

చుక్క పొడుగ్గా ఊపిరి వదిలింది. చెవుల నుంచి తోక దాకా ఒళ్లంతా దులుపుకుంది. నాలుగడుగులు నడిచి, మెల్లగా మోకాళ్లు వంచి, గడ్డిలో పడుకుని అటూ ఇటూ పొర్లింది.

మేనేజరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "తాళాలాయనా, మీరెవరో ఇప్పుడు చెప్పండి."

"రాక్షసుణ్ణండీ."

"నేను పక్కింటిదాన్ని కాదండీ," అంది భార్య. "లోపలికి రానిస్తారని ఒకటి చెప్పాను. దాన్ని నిలబెట్టడానికి ఇంకోటి. ఆ భార్యతో మాట్లాడడన్నది మాత్రం కల్పించింది కాదు."

బండాయన తల వంచుకుని, బోర్డు వైపు నడవబోయాడు. "ఇక రానండీ. నా గొంతు వినే కదా కాలు కూడా మర్చిపోయి వచ్చింది."

"ఆగండి," అంది మేనేజరమ్మ. "బండివాళ్లను రానివ్వకపోతే గుర్రానికి విశ్రాంతి అనుకున్నాను. ఇది రెండు నెలలుగా ఇంకా డ్యూటీలోనే ఉందని నాకెవరు చెప్పాలి? ప్రతి గురువారం ఇద్దరూ రండి. మీరు కంచె దగ్గర కనబడాలి, నోరెత్తకూడదు. అది పరిగెత్తకుండా మేం దాన్ని ముందే ఇక్కడికి తెచ్చి ఉంచుతాం. ఆవిడ విప్పుతుంది. దానంతటది మర్చిపోయేదాకా. ఇంటికి మాత్రం ఇవ్వను."

"ఇంటికి వద్దండీ," అన్నాడు బండాయన. ఆ మాట అనడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. "మా నేల గట్టిది."

గేటు మరమ్మతు అయ్యాకే కదలనిచ్చారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన ఆమె కళ్లు మూసుకుంది. కాసేపటికి తల పక్కకు వాలింది. బండాయన అటూ ఇటూ చూసి, మెల్లగా మొదలుపెట్టాడు. తెల్లవారుజామున ఇల్లు ఎంత చప్పుడు లేకుండా ఉంటుందో, ఖాళీ సాల ఆమె ఊడుస్తుంటే కిటికీలోంచి తను ఎందుకు చూస్తాడో, ఆమె, చుక్క ఇద్దరిలో ఎవరు లేకపోతే బతకడం కష్టమో లెక్క తేలక ఎన్నిసార్లు లేచి కూర్చున్నాడో, ఊరు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు. ఆమె ఎక్కడా ఊఁ అనలేదు, గురక మాత్రం అప్పుడప్పుడు జాగ్రత్తగా పెట్టింది.

ఆ రోజు ఆడిన అబద్ధాలన్నిటిలో దొరక్కుండా నిలిచింది అదొక్కటే.