ఐదో పూత

ఆ రోజు మిల్లుకు సెలవు. పరుశురాం పొద్దున్నే లేచి టీ తాగి, భార్య లలితమ్మ వంట పనిలో ఉండగా చల్లగా డాబా ఎక్కాడు. అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. డాబా మీద నీళ్ల ట్యాంకు వెనకాల ఒక సైకిల్ దాచాడు. దాని హ్యాండిల్‌కు చుట్టిన నూలు పట్టీకి మధ్యాహ్నంలోగా ఐదు పూతల లక్క వెయ్యాలి. ట్యూషన్ నుంచి కూతురు జమున రాగానే చూపించాలి. మర్నాడు పొద్దున అమ్మాయిల సైకిల్ పందెం. అద్దె సైకిల్ మీద పోతానని జమున సర్దుకుపోయింది గాని, ఆ సర్దుబాటు తండ్రికి మింగుడుపడలేదు.

ముందుకు వంగిన హ్యాండిల్‌తో ఉన్న ఆ పందెం సైకిల్‌ను అతను సచిన్ అనే ఊళ్లో పాత సామాన్లవాడి దగ్గర కొన్నాడు. ఎనిమిది నెలలుగా మందు ముట్టలేదు కాబట్టే కొనగలిగాడు. గుజరాత్‌లో మందు నిషేధం. అంత నిషేధంలో పరుశురాం పదేళ్లు ఎలా తాగాడన్నది మనకు అనవసరం. చివరికి జమున నెత్తి మీద చెయ్యి పెట్టి మానేస్తానని ఒట్టేశాడు. లలితమ్మ ఆ రోజే చెప్పేసింది: "మళ్ల ముట్టినవా, పిల్లను తీస్కొని సిరిసిల్ల వోత. మళ్ల నీ మొఖం సూడ." లలితమ్మ ఉత్తుత్తి మాటలు అనే మనిషి కాదు.

లక్క సలహా బ్రహ్మచారిది. వాళ్లుండే వడోద్ పేటలో తెలుగువాళ్ల ఇళ్లన్నిటికీ తలుపులూ మంచాలూ చేసిన వడ్రంగి ఆయన. "ఉత్త నూలు పట్టీ చెమటకు నాని జారుతది తమ్మీ. లక్క పట్టియ్యి. ఒక్క పూత ఎండినంకనే ఇంకోటి. తొందరపడితే జిగటయితది," అని చెప్పి, స్పిరిట్‌లో లక్క కరిగించి ఇచ్చాడు. ఇవ్వడం మంచిదే. కాని ఇంట్లో మరో సీసా దొరక్క, ఎప్పుడో నిషేధం లేని దమణ్‌కు పెళ్లికి పోయినప్పుడు వెంట వచ్చిన క్వార్టర్ మందు సీసాలో పోసి ఇచ్చాడు. రంగు కూడా ఆ సీసాకు తగ్గట్టే ఉంది.

పూత ఎండడానికి అరగంట. ఆ అరగంటలూ పరుశురాం డాబా మీదే కూర్చుని ఉంటే గొడవే లేకపోయేది. ఇంట్లో వెతుకుతారేమోనని పూత పూతకూ కిందికి దిగి, మొహం చూపించి, మళ్లీ ఎక్కాడు. రెండో అంతస్తు గడప దగ్గర పొరుగింటి గంగవ్వ బియ్యం ఏరుకుంటోంది. మొదటిసారి అతను దాటిపోగానే ఆమె ముక్కు ఎగబీల్చింది. రెండోసారి అతని జేబు నిండా వేయించిన పల్లీలున్నాయి. ఊరికే కూర్చోలేక తెచ్చుకున్నాడు పాపం. మూడోసారికి స్పిరిట్ ఘాటుకు కళ్లు చింతనిప్పులయ్యాయి. నాలుగోసారి, సైకిల్ అందంగా తయారవుతోందన్న సంబరంలో కూనిరాగం తీస్తూ దిగాడు. గంగవ్వ చేట పక్కన పెట్టి లేచింది.

"ఓ లలితా! నీ మొగడు పొద్దటిసంది నాలుగుమాట్ల డాబ మీదికి వోయిండే. పల్లీలు గూడ పట్కవోయిండు!"

లలితమ్మ ఏడవలేదు, అరవలేదు. గుమ్మంలోకి వచ్చిన మొగుడి వాసన ఒక్కసారి చూసింది. అటక మీంచి సంచి దించి చీరలు సర్దడం మొదలుపెట్టింది. పరుశురాం పరుగున పోయి సంచికి అడ్డంగా నిలబడ్డాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

"లలితా, గది మందు గాదే! లక్క! సైకిల్‌కు ఏస్తున్న! ఇంక ఐదో పూతనే మిగిలింది!"

తాగినవాళ్లు చెప్పే సాకులు ఆ బిల్డింగు చాలానే విన్నది. సైకిల్‌కు పట్టించానన్నవాణ్ణి చూడడం మాత్రం ఇదే మొదలు. గంగవ్వ అప్పటికే వీరరాఘవయ్యకు ఫోన్ చేసేసింది. ఆయన రైల్వేలో రిటైరై కింది అంతస్తులో ఉంటున్నాడు. తెలుగు సంఘం మద్యపాన నిషేధ కమిటీకి అధ్యక్షుడు. ఆయనకు రెండే గర్వాలు: ఒకటి కమిటీ, రెండోది తెల్లటి గుబురు మీసం. ఆయన తిన్నగా డాబా ఎక్కి, గోడ మీదున్న సీసాను తువ్వాలుతో పట్టుకుని దిగివచ్చాడు. మూత తీసి కళ్లు మూసుకుని చాలాసేపు వాసన చూశాడు.

"ఈ వాసన నాకు తెలియనిదా!" అన్నాడు. అందరూ తనవైపే చూస్తుంటే గొంతు సవరించుకున్నాడు. "అంటే, కమిటీ పనిమీద. దీన్ని నా దగ్గర భద్రపరుస్తాను. సాక్ష్యం కదా!"

సీసాతో కిందికి వెళ్లిపోయాడు. తల్లి ఫోన్ చేయడంతో జమున ట్యూషన్ మధ్యలోనే పరుగెత్తుకొచ్చింది. పరుశురాం నెత్తీనోరూ బాదుకుని అందరినీ డాబా మీదికి తీసుకుపోయి, ట్యాంకు వెనకనుంచి సైకిల్ బయటికి తీశాడు. పొద్దున పసుపురంగులో ఉన్న పట్టీ నాలుగు పూతలకు తేనెరంగు తిరిగి తళతళలాడుతోంది.

"బాపూ! ఏకదమ్ మస్త్! ఇది నాకేనా?" అంటూ జమున సీటు మీదికి ఎగిరి కూర్చుంది.

లలితమ్మ మాత్రం పట్టీని వేలితో తడిమి, వాసన చూసి, మొగుడికేసి తిరిగింది. "మంచిగనే ఉన్నది. పట్టీకెంత వోసినవు, కడుపులకెంత వోసినవు?"

జవాబు చెప్పాల్సిన సీసా కింద ఉంది. "చారి అన్నను పిలువుండ్రి. సార్‌ను సీసా తెమ్మనుండ్రి," అన్నాడు పరుశురాం బతిమాలుకుంటూ.

బ్రహ్మచారి ముందు వచ్చాడు. కాసేపటికి వీరరాఘవయ్య వచ్చాడు. ఒక చేతిలో సీసా, ఇంకో చేత్తో మూతికి అడ్డంగా తువ్వాలు. అరగంటకు తక్కువ మాట్లాడడం తెలియని మనిషి నోరు మెదపలేదు.

"సార్, గిది మందేనా? మీరే చెప్పుండ్రి," అంది లలితమ్మ.

"ఊఁ... ఊఁహూఁ..."

"అయ్యో, పన్ను నొస్తున్నదా సారూ?" అంటూ గంగవ్వ జాలిపడి తువ్వాలు లాగేసింది.

మీసం తెల్లగా లేదు. తేనెరంగులో, గట్టిగా, తళతళలాడుతూ కింది పెదవికి అతుక్కుపోయి ఉంది. బ్రహ్మచారి కళ్లద్దాలు పెట్టుకుని మీసాన్ని ఒకసారి, హ్యాండిల్‌ను ఒకసారి పరీక్షగా చూశాడు.

"నా లక్కనే. ఒక్కటే పూత, గని మంచిగ పట్టింది," అన్నాడు. తర్వాత కంగారుగా, "లోపలికి పోయిందా సార్?" అని అడిగాడు. వీరరాఘవయ్య అడ్డంగా తల ఊపి, వెంటనే ఉమ్మేశానని సైగ చేశాడు.

"గట్లయితె బతికినం. కానీ ఇది నీళ్లకు పోదు సార్. స్పిరిట్ తోటే తుడవాలె."

అధ్యక్షుడు దీనంగా ఆకాశంకేసి చూశాడు. ముందు లలితమ్మ నవ్వింది. నవ్వుతూనే ఆమె కళ్లు తుడుచుకుంది. బిల్డింగంతా విరగబడి నవ్వుతుంటే ఆమె మొగుడి దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"ఐదో పూత మిగిలుందంటివి గద. బుర్రుసు ఇటియ్యి. నీకు చేతులు వణుకుతున్నయి."

నిజమే, వణుకుతున్నాయి. అన్నేళ్లు తాగినప్పుడు కూడా అంతగా వణకలేదు. ఐదో పూత లలితమ్మే వేసింది, ఎక్కడా మరక లేకుండా. సర్దిన సంచిని పరుశురాం తన చేతులతో అటక మీద పెట్టి వచ్చాడు.

మర్నాడు జమున వెనకవాళ్లకు దుమ్ము కూడా కనపడనంత దూరంలో మొదటిగా వచ్చింది. చెమటతో ఒళ్లంతా తడిసినా చెయ్యి ఒక్కసారి జారలేదు. కప్పు ఆమె చేతిలో, సైకిల్ పరుశురాం నెత్తి మీద, ముందు డప్పు. వడోద్ గల్లీల్లో అంత ఊరేగింపు ఈ మధ్య ఏ పెళ్లికీ జరగలేదు. ముందురోజు మీసం స్పిరిట్‌తో తుడిపించుకుని గుప్పుమనే వాసనతో ఇంటికి పోయిన వీరరాఘవయ్యకు ఆయన భార్య వెంకటలక్ష్మి రాత్రి దాకా తలుపు తియ్యలేదని గంగవ్వ ఆ ఊరేగింపులోనే అందరికీ చెప్పింది.

ఆ నెల కమిటీ నివేదికలో అధ్యక్షుడు స్వహస్తాలతో ఒకే ఒక్క వాక్యం రాశాడు: "సీసా ఒకటి దొరికినది, క్షుణ్ణంగా పరీక్షించడమైనది."