బెల్లం చేతి షుగరు

హిందూపురం బెల్లం మార్కెట్లో రకాలు తేల్చే లింగప్ప ఆ మంగళవారం పొద్దున పెట్టుకున్న పని చిన్నదే. మూడు రకాల బెల్లం అచ్చులు సంచిలో వేసుకుని ధర్మవరం పోవాలి, పెళ్లివంటలు చేయించే కాంట్రాక్టరు ఆంజనేయులుకు చూపించాలి. దారిలో పెనుకొండలో దిగి, చెల్లెలు ఉలిగమ్మ ఇంట్లో పిల్లలకు ఇంకో అచ్చు ఇవ్వాలి. ముప్పై ఏళ్లుగా ఆయనది అదే మార్కెట్. అచ్చు అంచు గిల్లి, వేళ్ల మధ్య నలిపి, ఇది మొదటి రకం, ఇది రెండో రకం అని చెప్పేస్తాడు. నోట్లో వేసుకోడు. రుచి చూసి చెప్పడం చేతకానివాళ్ల పని అని ఆయన అభిప్రాయం.

మార్కెట్ గేటు దగ్గర ఆ రోజు ఉచిత షుగర్ పరీక్షల శిబిరం పెట్టారు. బస్సుకు ఇంకా అరగంట ఉంది. అచ్చులు ఏరి సంచిలో సర్దుకున్న లింగప్ప, ఊరికే నిలబడేదేదో వరుసలో నిలబడదామనుకున్నాడు. నర్సు ఉషారాణి ఆయన వేలిని స్పిరిట్ దూదితో అలా ఒకసారి తుడిచి, సూదితో గుచ్చి, రక్తపు చుక్కను మిషన్‌కు తాకించింది. నాలుగువందల ముప్పై ఎనిమిది అని వచ్చింది.

"అన్నా, నడిచొచ్చినావా, ఎవరన్నా పట్టుకొచ్చినారా?"

"నడిచే వచ్చినామ్మా."

"ఇంక నడవద్దు. ఈ లెక్కకు ఇంకొకరైతే పడిపోయుండాల."

అంతవరకూ లింగప్పకు ఒంట్లో ఏ బాధా లేదు. ఆ మాట విన్నాక పక్కనున్న గేటు పట్టుకున్నాడు. ఈరోజే డాక్టరుకు చూపించమని, తీపి ముట్టవద్దని ఉషారాణి చీటీ రాసిచ్చింది. లింగప్ప జాగ్రత్తపరుడు. తీపే ఎందుకు, అసలు ఏదీ ముట్టకూడదని తీర్మానించుకుని, టిఫిన్ మానేసి బస్సెక్కాడు. ధర్మవరంలో పనీ అయిపోతుంది, డాక్టరూ దొరుకుతాడు.

బస్సు కదలగానే భార్య రామాంజినమ్మకు ఫోన్ చేశాడు. "నాకు షుగరంట. నాలుగు నూర్లు దాటినాదంట."

"నాలుగు నూర్లా? ఉలిగమ్మకు ఎనిమిదేండ్ల నుంచి ఉండాది, ఎప్పుడూ మూడు నూర్లు దాటలే! ఏం చేసినావు నువ్వు?"

ఏం చేశాడో ఆయనకూ తెలియలేదు. ఫోన్ మాటలన్నీ విన్న పక్క సీటాయన, దప్పికవుతాందా అని అడిగాడు. ఏప్రిల్ నెల, కిటికీలోంచి వడగాలి కొడుతోంది. అవుతోందన్నాడు లింగప్ప. "అదే లక్షణం" అని చెప్పి ఆ మనిషి తన సీసాలో నీళ్లు గటగటా తాగేశాడు. లింగప్ప మనసు మళ్లించుకోవడానికి సంచి విప్పి, ఎండకు అచ్చులు చెమ్మగిల్లాయేమోనని ఒక్కొక్కటే ఒత్తి చూసుకుంటూ కూర్చున్నాడు.

పెనుకొండలో ఉలిగమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. రామాంజినమ్మ ఫోన్ అప్పటికే వచ్చింది. ఆ కుటుంబంలో షుగర్ ఉన్నది ఉలిగమ్మ ఒక్కదానికే కావడంతో, ఆ విషయంలో ఆమె మాటకు తిరుగుండేది కాదు. సొంత మిషన్ ఉంది. అన్న సంచిలోంచి తీసిచ్చిన అచ్చును పక్కన పెట్టి, అదే చేతి వేలు గుచ్చింది. ఐదువందల పదిహేడు.

"ఏం తిన్యావు?"

"పొద్దున్నుంచి ఏమీ తినలే."

"తినకుండానే ఎగబాకుతాందా!" అంది ఉలిగమ్మ. ఆ గొంతులో భయంతోపాటు కొంచెం చిన్నబుచ్చుకున్న ధోరణి కూడా ఉంది. ఎనిమిదేళ్లు పథ్యం చేసిన మనిషిని, నిన్నటిదాకా ఏమీ లేనివాడు ఒక్క పూటలో దాటేశాడు. ఆమె లోపలికెళ్లి తన మాత్రల పట్టీ తెచ్చింది. "నాది చిన్న షుగరు, నాకొకటి. నీది పెద్దది, రెండు ఏసుకో."

"డాక్టర్ని అడగాల గదా?"

"డాక్టరే గదా నాకు ఇచ్చింది. ఆయన్నే అడిగినట్ల."

లింగప్ప రెండూ మింగాడు. అన్నం పెడితే ఆరు నూర్లు దాటుతుందేమోనని భయపడి ఉలిగమ్మ అన్నం పెట్టకుండానే బస్సెక్కించింది.

ధర్మవరంలో ఆంజనేయులు అచ్చులు చూస్తూ ఉండగానే లింగప్పకు తేడా చేసింది. మొదటి అచ్చు గిల్లి, "ఇది మొదటి రకమప్పా" అనబోయి ఆగాడు. చెయ్యి వణుకుతోంది. చొక్కా తడిసి ముద్దయింది. ఎదురుగా ఆంజనేయులు ఇద్దరుగా కనిపించాడు. ఇద్దరు ఆంజనేయులూ కలిసి ఆయన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి పరిగెత్తించారు.

అక్కడి నర్సు జాన్, షుగర్ ఐదు నూర్లని వినగానే వేలు గుచ్చాడు. ఈసారి మిషన్‌లో అంకె రాలేదు, రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. ఆంజనేయులు తొంగి చూసి, "హాయ్ అంటాందే!" అన్నాడు.

"హాయ్ కాదన్నా, హై. మిషన్ లెక్కకు అందనంత ఎక్కువని" అని జాన్ ఇన్సులిన్ సూది సిద్ధం చేస్తూ డాక్టరును కేకేశాడు.

డాక్టర్ ఈశ్వరి వచ్చి ముందు మిషన్‌ను చూడలేదు, మనిషిని చూసింది. నుదుటిన చల్లటి చెమట, పరిగెడుతున్న నాడి.

"పెద్దాయనా, ఒంటేలుకు ఎన్నిసార్లు పోయినావు?"

"పొద్దున ఒకసారి."

"ఏం తిన్నావు?"

"ఏమీ తినలేదమ్మా."

"మాత్రలేమన్నా?"

"మా చెల్లెలివి... రెండు."

డాక్టర్ ఆయన చెయ్యి పట్టుకుంది. వదలబోతే వేళ్లకు అంటుకుని ఒక పట్టాన రాలేదు. "జాన్, ఆ సూది పక్కన పెట్టు. ఈయన చేతులు సబ్బుతో కడుగు."

కడిగారు, తుడిచారు, మళ్లీ గుచ్చారు. నలభై ఎనిమిది. జాన్ ఆ అంకెనూ, తన చేతిలోని సూదినీ చూసి కుర్చీలో కూర్చుండిపోయాడు.

"సంచిలో ఏముండాది?"

"బెల్లమమ్మా."

"తిను. ఇప్పుడే."

"నాకు షుగరమ్మా, ఐదు నూర్ల..."

"ఆ ఐదు నూర్లు నీ వేలి మీది బెల్లానిది. నీ రక్తంలో ఉండాల్సింది కూడా లేదు. తినకపోతే ఈడనే పడిపోతావు."

లింగప్ప మొదటి రకమని చెప్పబోయిన అచ్చునే ముక్క కొట్టి ఆయన నోట్లో పెట్టారు. రెండు మూడు ముక్కలు లోపలికి పోయాక వణుకు తగ్గింది, ఇద్దరు ఆంజనేయులూ ఒక్కరయ్యారు. లింగప్ప నెమ్మదిగా నములుతూ చాలాసేపు ఆలోచించి, "ఇది రెండో రకమే" అన్నాడు. ఆంజనేయులు మిగతా రెండు అచ్చులూ తీసి అక్కడే రుచి చూశాడు.

మాత్రల ప్రభావం అంత తొందరగా పోదని చెప్పి, అన్నం పెట్టించి, సాయంత్రం దాకా గంటకోసారి చేతులు కడిగించి పరీక్ష చేస్తూ డాక్టర్ ఆయన్ను అక్కడే ఉంచింది. మధ్యలో శిబిరం చీటీ మీది నంబరుకు ఫోన్ చేసింది. ఆ పొద్దున మార్కెట్లో ముప్పై ఒక్క మందిని పరీక్షిస్తే ఇరవై తొమ్మిది మందికి షుగర్ తేలిందని, హమాలీలందరూ టీ మానేసి దిగులుగా కూర్చున్నారని ఉషారాణి చెప్పింది.

"అంతమందికి ఎట్ల వస్తాదమ్మా, నీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది మేడమ్. మళ్ల, బెల్లం మార్కెట్ గదా, ఉంటాదిలే అనుకుంటి."

అందరినీ పిలిచి చేతులు కడిగించి మళ్లీ చూడమని చెప్పి, డాక్టర్ తర్వాత పెనుకొండకు చేసింది. అన్న అప్పటికే ఫోన్‌లో అంకె చెప్పి ఉండటంతో, విషయం చెప్పేలోగా ఉలిగమ్మే అందుకుంది. "ఐదు నూర్ల పదిహేడు నుంచి నలభై ఎనిమిదికి దిగిందంట గదా మేడమ్! రెండే మాత్రలు!"

ఒకరి మందు ఇంకొకరికి ఇస్తే ప్రాణం మీదికి వస్తుందని, లింగప్ప గండం వెంట్రుకవాసిలో తప్పిందని డాక్టర్ ఈశ్వరి పావుగంట సేపు విడమరిచి చెప్పింది. ఉలిగమ్మ ఒక్క మాటా అడ్డం రాకుండా అంతా విని, ఇకమీదట ఎవరికైనా ఒక్కటే ఇస్తానని మాట ఇచ్చింది.