పగటిరాత్రి పథకం

సూర్యుడు ఉదయిస్తే పగలనీ, అస్తమిస్తే రాత్రనీ మన పూర్వులు పొరబడ్డారు. వినుకొండ చుట్టుపక్కల మిరప పండించే రైతులు ఈ అజ్ఞానం నుంచి ఎప్పుడో బయటపడ్డారు. త్రీఫేజ్ కరెంటు ఉన్నంతసేపూ పగలు, లేనంతసేపూ రాత్రి. ఈ ఏర్పాటులో సూర్యుడు తాత్కాలిక ప్రాతిపదికన పనిచేస్తున్న ఉద్యోగి మాత్రమే (అతని సర్వీసును ఇంతవరకు ఎవరూ క్రమబద్ధం చేయలేదు).

ఈ లెక్కన దిగువపాలెం రైతు యలమందయ్యకు, ఊరంతా అన్నాలు తిని పడుకున్నాక పగలు మొదలయ్యేది. బోరు మోటారుకు కరెంటు అప్పుడే వచ్చేది మరి. సాళ్ళకు నీళ్ళు మళ్ళించి, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ వచ్చేదాకా మోటారు దగ్గరే గొంతుక్కూర్చుని, తెల్లవారాక ఇంటికొచ్చి నులకమంచం మీద వాలేవాడు. వాలడం వరకే అతని చేతిలో ఉంది. నిద్ర పట్టడం కిటికీ దయ. అది తూర్పు కిటికీ. ఇల్లు కట్టేటప్పుడు వాస్తు చూసినాయన, ఇందులోంచి లక్ష్మి నడిచి వస్తుందని చెప్పి పెట్టించాడు. లక్ష్మికి ఏం పనులు తగిలాయోగాని, ఎండ మాత్రం ఒక్కనాడు కూడా సెలవు పెట్టకుండా వచ్చి యలమందయ్య మొహం మీద కూర్చునేది. మంచం అవతలికి జరుపుదామంటే అవతలంతా ఎరువు బస్తాలు.

నిద్రలేని మనిషికి బుర్ర పనిచేయదు. యలమందయ్య ఒకసారి గేదెను భార్య పేరు పెట్టి పిలిచాడు. అది నవ్వుకునే సంగతి. ఇంకోసారి చేలో కళ్ళు మూతలు పడుతుంటే తడిచేత్తో స్టార్టరు పట్టుకున్నాడు. కరెంటు అతన్ని గట్టవతలికి విసిరికొట్టింది. బురదలో పడ్డాడు కాబట్టి బతికాడు.

కోటేశ్వరి ఆ రోజంతా మొగుణ్ణి తిడుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది.

"ఈసారికి బతికి బయటపడ్డావు. మళ్ళీ అట్టా జరిగితే నా గతేందయ్యా? నువ్వు నిద్దరన్నా పో, చేనన్నా మానెయ్."

"చేను మానేస్తే తినేదేందే?"

"అయితే నిద్దరపో."

ఆమె వినుకొండ వెళ్ళి, దర్జీ జాన్ బాషాను వెలుతురు చొరబడని గుడ్డ అడిగింది. అతను నల్లని మందపాటి గుడ్డ తీసి బల్ల మీద పరిచాడు.

"ఇది వకీళ్ళ కోట్లకు వాడేదమ్మా. దీన్ని దాటి వెలుతురే కాదు, నిజం కూడా బయటికి రాదు."

కోటేశ్వరి దాన్ని రెండు మడతలుగా కుట్టించి తెచ్చి కిటికీకి మేకులు కొట్టింది. గది గాదె లోపల ఉన్నంత చీకటైపోయింది. ఆ పూట యలమందయ్య అన్నానికి కూడా లేవలేదు. అనుమానం వచ్చి కోటేశ్వరి అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. వెచ్చగా ఊపిరి తగిలింది. గడప మీద కూర్చుని చాలాసేపు కళ్ళు తుడుచుకుంది. పెళ్ళయ్యాక మొగుడి గురక విని ఆమె సంతోషించడం అదే మొదటిసారి.

ఈ సుఖం గ్రామసభ జరిగేదాకా నిలిచింది.

గ్రామసభకు మంత్రిగారు వస్తున్నారు. యలమందయ్య కిటికీ రోడ్డు వైపుంది. మన జిల్లాల్లో మంత్రి వచ్చేవేళ రోడ్డు మీదికి నల్లగుడ్డ కనబడితే దాన్ని ఎవరూ కిటికీపరదా అనుకోరు, నల్లజెండా అనే అనుకుంటారు. కార్లు వెళ్ళిన కాసేపటికి ఎస్సైగారు తలుపు తట్టి యలమందయ్యను లేపారు.

"ఎవరి మీదయ్యా నిరసన?"

"ఎండ మీదండి," అన్నాడు యలమందయ్య నిద్రకళ్ళతో.

"ఎండ ఏ పార్టీ?"

యలమందయ్యకు మెలకువ వచ్చింది. చేతులు జోడించి ఉన్నమాట చెప్పాడు. "నిరసనా లేదు, పాడూ లేదు సార్. కరెంటేమో రాత్రిళ్ళిస్తన్నారు. పగలు నిద్దరపట్టాలంటే చీకటుండాల. కరెంటు పగలియ్యండి, ఈ గుడ్డ నేనే పీకేస్తా."

ఇంత సూటిగా ఉన్న మాట ప్రభుత్వంలో చెక్కుచెదరకుండా ప్రయాణించడం కష్టం. మండలంలో దాన్ని కొంత కుదించారు. డివిజన్లో మర్యాదగా తిరగరాశారు. జిల్లా దాటేసరికి అది "దిగువపాలెం రైతులు చీకటి కోరుతున్నారు" అని తేలింది. రైతులెక్కడ వెలుతురు అడుగుతారోనని ఇన్నాళ్ళూ బిక్కుబిక్కుమంటున్న పెద్దలు ఊపిరి పీల్చుకున్నారు. చీకటి సరఫరా చేయడంలో వారికి ఉన్న అనుభవం అపారం.

అలా పగటిరాత్రి పథకం పుట్టింది. దాని అమలుకు గ్రామీణ నిద్రా సంక్షేమ విభాగమూ, ఆ విభాగానికి లక్ష్మీనరసింహంగారనే అధికారీ ఏర్పడ్డారు. లక్ష్మీనరసింహంగారు చెడ్డమనిషి కాదు. నిబంధన లేకుండా తుమ్మను కూడా తుమ్మరు, అంతే. ఆయన జీపులో బయలుదేరి, ముందుగా దిగువపాలెంలో ప్రతి రైతు ఇంటికీ ఒక పరదా పంచారు. నల్లగుడ్డ నిరసన కిందికి వస్తుందని పోలీసుశాఖ అభ్యంతరం చెప్పినందువల్ల, నల్లపరదాలను తెల్లరంగులో తయారుచేయించారు.

కోటేశ్వరి దాన్ని ఎత్తి పట్టుకుని చూసింది. అవతల నిలబడ్డ జీపు, జీపు నెంబరు కూడా స్పష్టంగా కనిపించాయి.

"ఏంది సారూ ఇది? ఇందులోంచి ఎండ రాకుండా ఎట్టా ఉంటది?"

"పరదా తెల్లనిదైనా దాని ఉద్దేశం నలుపేనమ్మా," అన్నారు లక్ష్మీనరసింహంగారు.

"ఉద్దేశం ఎండనాపిద్దా?"

"ఆపాలనే ప్రభుత్వ ఆశయం."

కొత్తది ఇచ్చినందుకు పాతది జమ చేసుకోవాలి గనక కోటేశ్వరి కుట్టించిన నల్లపరదాను మేకులతో సహా పీకి, మడత నలగకుండా తీసుకుపోయారు. అదిప్పుడు ఆఫీసులో ఆయన గది కిటికీకి వేలాడుతోందని లైన్‌మన్ సిలార్ చూసొచ్చి చెప్పాడు. (భోజనాలయ్యాక ఆయన ఆ గదిలో తలుపు వేసుకుని ముఖ్యమైన దస్త్రాలు పరిశీలిస్తారట.)

పథకమన్నాక తనిఖీ ఉంటుంది. యలమందయ్య అలా నడుం వాల్చాడో లేదో, విభాగం మనిషి వచ్చి తలుపు కొట్టేవాడు. "నిద్రపోతున్నారా?" అని అడిగేవాడు. పలికితే నిద్రపోవడం లేదని, పలకకపోతే ఇంట్లో లేరని రాసుకునేవాడు. ఈ చిక్కును లక్ష్మీనరసింహంగారే స్వయంగా పరిష్కరించారు. రైతు లేచి వచ్చి, "నేను హాయిగా నిద్రపోతున్నాను" అన్న కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళి పడుకోవచ్చు.

"పడుకున్నోణ్ణి లేపి, పడుకున్నావా అని అడుగుతారంటయ్యా ఎక్కడన్నా!" అని కోటేశ్వరి ఆయన మొహం మీదే అరిచింది.

"లేపకపోతే నిద్రపోతున్నాడనడానికి రుజువేదమ్మా?" అన్నారాయన ఓపిగ్గా.

"సంతకమేగా, పడేద్దాం. పీడా పోద్ది," అన్నాడు యలమందయ్య ఆవులిస్తూ. దిగువపాలెంలో అందరూ అదే అన్నారు. ఎంత త్వరగా సంతకం పెడితే అంత త్వరగా మంచమెక్కవచ్చని గట్టవతలి రైతుల దగ్గర్నుంచి సర్పంచి దాకా పెడుతూ పోయారు.

మొగుడికి మళ్ళీ చూపు మసకబారుతోందని కోటేశ్వరి కనిపెట్టింది. ఇంట్లో కూర్చుని వణికే కంటే మేలని, తనూ అతనితోపాటు చేలోకి వెళ్ళడం మొదలుపెట్టింది. స్టార్టరు తనే నొక్కేది, అతన్ని దగ్గరికి రానిచ్చేది కాదు. దీంతో ఆ ఇంట్లో ఇద్దరికీ నిద్ర లేకుండా పోయింది (లబ్ధిదారులు రెట్టింపయ్యారని నివేదికలో చేరింది).

ఇలా ఉండగా సిలార్ సైకిలు తొక్కుకుంటూ రొప్పుతూ వచ్చాడు.

"మావా, సల్లటి కబురు. మన లైనులో కొన్ని ఊళ్ళకు పగటి కరెంటిస్తన్నారంట!"

"ఒరేయ్ సిలారూ, నిజంగానేనా?"

"నీమీదొట్టు. రాత్రిళ్ళు ఇబ్బంది పడే ఊళ్ళు ఏరి మరీ ఇస్తారంట. మనకంటే ఇబ్బంది పడేవాళ్ళెవరు మావా?"

కోటేశ్వరి ఆ పూట సేమ్యా పాయసం చేసి సిలార్‌కు గ్లాసునిండా పోసింది. ఇంక తన మొగుడు మనుషుల్లాగా వెలుగులో మోటారు వేసుకుంటాడు, చీకట్లో పడుకుంటాడు. ఆమె దేవుణ్ణి ఇంతకు మించి ఏమీ అడిగి ఉండలేదు.

వారం గడిచింది. ఒక మధ్యాహ్నం యలమందయ్య కళ్ళ మీద తడితువ్వాలు వేసుకుని ఎలాగో నిద్రపట్టించుకున్నాడు. అప్పుడు జీపు ఆగింది. లక్ష్మీనరసింహంగారు చేతిలో ఒక ఉత్తర్వుతో దిగారు.

"ఇప్పుడే కన్ను మూతపడింది సారూ," అంది కోటేశ్వరి గుమ్మానికి అడ్డం నిలబడి. "ఆ చెప్పేదేందో నాకు చెప్పండి."

"కుదరదమ్మా. లబ్ధిదారుడు చెవులారా వినాలి."

ఆయన లోపలికి వెళ్ళి యలమందయ్య భుజం తట్టారు. యలమందయ్య ఉలిక్కిపడి లేచి, ఆయన చేతిలో కాగితం చూసి మంచం దిగి నిలబడ్డాడు.

"పగటి కరెంటొచ్చిందా సార్?"

"వచ్చింది. ఎగువపాలేనికి."

"పక్కూరోళ్ళకా? మరి మాకో?"

"ఎగువపాలేనికి పరదాలు ఇంకా అందలేదు. అందుచేత అక్కడెవరూ సంతకాలు పెట్టలేదు. వాళ్ళు ఇబ్బందుల్లో ఉన్నట్టే లెక్క," అని లక్ష్మీనరసింహంగారు కళ్ళజోడు సవరించుకుని ఉత్తర్వు చదివారు. "దిగువపాలెం రైతులు పగటివేళ గాఢనిద్రలో ఉంటున్నట్టు వారి సంతకాల వల్లనే ధ్రువపడినది. అట్టివారికి పగలు కరెంటు ఇచ్చి, వారి నిద్రకు భంగం కలిగించరాదని ప్రభుత్వం నిర్ణయించినది."

యలమందయ్య మంచం పట్టె మీద కూలబడి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే కళ్ళు మూశాడు. లక్ష్మీనరసింహంగారు ఈసారి అతని రెండు భుజాలూ పట్టి గట్టిగా కుదిపి లేపి, ఉత్తర్వు విన్నట్టు సంతకం పెట్టించుకున్నారు.