ధూపం బండికి గాలిదారి

సెల్విన్ జీపుకు ఊరిగాంలో ధూపం బండి అని పేరు. వాళ్ల నాయన గనిలో పనిచేసే రోజుల్లో కొన్నది. ఇంజిన్ కడుపులో చేరే పొగ పోవడానికి అడుగున ఒక పైపు ఉంది. ఆ పొగ బయటికి పోకుండా నేలరేకు చిల్లులోంచి సరిగ్గా ఎడమ సీటుకు వచ్చేది. ఎడమ సీటు అతని భార్య నాన్సీది.

చర్చికి ఆమె తెల్లచీరతో ఎక్కి, మాడిన బజ్జీల వాసనతో దిగేది.

ఈసారి తేల్చి చెప్పింది. వచ్చే ఆదివారం చీరకు పొగ తగిలితే, సోమవారం బండి పాత ఇనుము కొనే హనుమప్పకు.

"ఇది నాయన బండి. అది గుజరీకి పోయేది నేను పోయినాకే."

"నిన్ను హనుమప్ప తీసుకోడు. నీలో ఇనుము లేదు."

సెల్విన్ మెకానిక్ కాదు. అయినా గనివాళ్ల బిడ్డ. గనిలోకి ఒక బావి గుండా గాలి దిగుతుంది, ఇంకో బావి గుండా పెద్ద ఫ్యాను దాన్ని పైకి లాగుతుంది. ఇంజిన్‌కూ అంతే అనుకున్నాడు. అది గాలి పీల్చే మూతి ఉంది కదా, అదే ఫ్యాను. పొగను అక్కడికే చేరిస్తే తన పొగ తనే మింగుతుంది. వాషింగ్ మెషీన్ నీళ్లగొట్టం ఊడబెరికి అడుగు పైపునూ ఆ మూతినీ కలిపేశాడు. పనిలో పనిగా ఆయిల్ కూడా మెడదాకా పోశాడు. గొట్టం ఏదని నాన్సీ అడిగితే, బట్టలు రేపైనా ఉతకొచ్చు, విజ్ఞానం ఆగదన్నాడు.

శనివారం మధ్యాహ్నం వీధంతా చూస్తుండగా స్టార్ట్ చేశాడు. పొగ లేదు. అతని ఛాతీ చొక్కా గుండీలకు పరీక్ష పెట్టింది.

అంతలో ఇంజిన్ గొంతు పెంచింది. గొట్టంలో పొగతోబాటు ఆయిల్ కూడా ఎక్కింది. డీజిల్ కన్నా అదే రుచిగా ఉన్నట్టుంది. తాళం తీసినా ఆగలేదు. ఆపే పిడి లాగితే పిడి చేతికొచ్చింది. వీధి పొగలో మాయమైంది. ఎదురింటి గురువమ్మ తన ఇల్లనుకుని పక్కింట్లోకి పోయి కూర్చుంది.

"దాని గాలి మూసెయ్యప్పా" అంది నాన్సీ.

"మూయకూడదు. గాలిదారి మూసినోడు ద్రోహి అని నాయన చెప్పినాడు."

"అది మనుషులుండే గనికి. దీంట్లో ఎవరుండారు?"

ఆమె వంటింట్లోకి పోయి, చల్లారిన రాగిముద్ద తెచ్చి గాలి మూతిలో అదిమింది. ఇంజిన్ ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. ముద్దను నమలకుండా మింగాలని దానికెవరూ నేర్పలేదు.

సెల్విన్ తగ్గలేదు. పొగంతా వీధిలోకే పోయింది, ఎడమ సీటుకు రాలేదు, కాబట్టి తనే నెగ్గాడు, బండి అమ్మేది లేదని బానెట్ మీద చెయ్యేసి ప్రకటించాడు. బానెట్ కాలుతోంది. చెయ్యి తీయలేదు.

"సరే, నువ్వే నెగ్గినావు. బండి ఉంటాది" అని నాన్సీ చెయ్యి చాపింది. "తాళం ఇట్లియ్యి. ఇంగ తోలేది నేను."

లైసెన్సు అతనికన్నా ముందు తీసుకున్నది ఆమే. నెగ్గానని నలుగురిలో చెప్పుకున్నవాడు కాదనలేకపోయాడు.

మెకానిక్ వచ్చి ముద్ద గీకేసి, పైపును పాత చోటికే మార్చాడు. తర్వాతి ఆదివారం నాన్సీ స్టీరింగ్ పట్టింది. సెల్విన్ తెల్లచొక్కా వేసుకుని ఎడమ సీటులో కూర్చున్నాడు.

చర్చి మలుపు దగ్గర ఆమె తల తిప్పకుండానే అడిగింది. "ఏమప్పా, పొగ వస్తా ఉండాదా?"

"యాడ పొగ?" అన్నాడు సెల్విన్, రెండు దగ్గుల మధ్య.