కండ పట్టని కణాలు

బుధవారం ఉదయం వెరిటీ ట్రాంటర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు ల్యాబుకు చేరాలి, తన కణాలను ఓసారి చూసుకోవాలి, పదింటికి వచ్చే సమీక్ష కమిటీ ముందు ఏడవకుండా నిలబడాలి.

ఎనిమిది నెలలుగా ఆ ఎలుక కణాలు కండరంగా మారమని మొరాయిస్తున్నాయి. ‘మారండి’ అని చెప్పే జన్యువు వాటిలో ఉంది. కానీ దానిమీద రసాయన ముద్రలు పడి నోరు నొక్కేశాయి. జన్యువు జోలికి పోకుండా ఆ ముద్రలను మాత్రం చెరిపే మందు వెరిటీ తయారుచేసింది. మందు వేసిన పళ్లేలు ఆరు, వేయనివి ఆరు. ఇంతవరకూ రెండింటికీ తేడా లేదు. ఇవాళ కూడా లేకపోతే ప్రాజెక్టు మూసేస్తారు.

మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందాల సెలవులకు నాలుగు రోజులు ఊరెళ్తూ ఆమె రెండు సందేశాలు పంపింది. ఒకటి కణాలకు మేత వేసే పెద్దాయన డెస్‌కు. రెండోది తన కుక్కను చూసుకుంటున్న తమ్ముడు కాలమ్‌కు.

తలుపు తీయగానే డెస్ ఎదురొచ్చాడు.

"నువ్వు చెప్పినట్టే చేశానమ్మాయ్. బలమైన తిండి మొత్తం ఆపేశా."

"నేనెప్పుడు చెప్పానండీ?"

డెస్ ఫోను చూపించాడు: ‘బాగా బలిసింది. రోజూ పెట్టే తిండి బంద్. పల్చటిదే పొయ్యి. దీనంగా కనిపించినా కరిగిపోకు.’

"ఎప్పుడూ మీరు అనే పిల్ల ‘పొయ్యి’ అందేంటా అనుకున్నా. టెన్షన్లో ఉన్నావులే అని సర్దుకున్నా."

"అయ్యో, అది కుక్క గురించి!"

అంతలో కాలమ్ ఫోను. "అక్కా, రెండ్రోజులకోసారి పాతది పారేసి కొత్తది పెట్టా. క్షణం కూడా ఆకలితో ఉంచలేదు. ముప్పై ఏడు డిగ్రీలు తగ్గకూడదన్నావని హీటర్ పక్కనే పడుకోబెట్టా. ఇప్పుడు సోఫా దిగనంటోంది!"

వెరిటీ జవాబు చెప్పేలోపే కమిటీ గంట ముందే వచ్చేసింది. అధ్యక్షురాలు రోవెనా పాస్కో సంచి కూడా దించలేదు.

"ముందు టీ తాగుదురు, రండి."

"తాగే వచ్చాను. కణాలు చూపించు."

"మైక్రోస్కోపు పాడైందండీ."

"అదేంటమ్మాయ్, నిన్నే బాగుచేశాగా!" అన్నాడు డెస్, సాయం చేస్తున్నాననుకుని.

మందు వేయని పళ్లెం తెరమీదికి వచ్చింది. కణాలు అక్కడక్కడా చదునుగా పడి ఉన్నాయి. మందు వేసింది పెట్టేసరికి వెరిటీ కళ్లు మూసుకుంది.

"ఇదేంటి?"

"చచ్చిపోయాయండీ. తప్పు నాదే..."

"చచ్చినవి ఇలా ఎగిరెగిరి పడతాయా?"

వెరిటీ కళ్లు తెరిచింది. పొడవాటి కండ పోగులు ఒక్క తాళానికి అదురుతున్నాయి. ఆరు పళ్లేలూ అంతే! చూస్తుండగానే ఆమెకు సంగతి అర్థమైంది. కడుపు నిండినన్నాళ్లూ కణాలు సంఖ్య పెంచుకుంటూ పోతాయి, ఆకలేస్తేనే కండరంగా స్థిరపడతాయి. ముద్రలు చెరిగిన కణాలకు ఆ కబురు వినిపించింది, మిగతావాటికి వినిపించలేదు. ఎక్కడ చస్తాయోనని భయపడి, ముద్దు చేసి మేపి, ఎనిమిది నెలలూ తన మందు పనిని తానే కప్పేసింది.

"మందు పనిచేసింది!" అని వెరిటీ పెట్టిన కేకకు పక్క గదిలోవాళ్లు పరుగెత్తుకొచ్చారు. డెస్ ఆమెను ఎత్తి గిరగిరా తిప్పేశాడు. పాస్కో సంచి కింద పడేసి చప్పట్లు కొట్టింది. ప్రాజెక్టుకు ఇంకో మూడేళ్లు అక్కడే ఖాయమయ్యాయి.

సాయంత్రానికి కమిటీ నివేదిక వచ్చింది. ‘ఎంతో ముందుచూపుతో రూపొందించిన ప్రయోగం’ అన్న వాక్యాన్ని వెరిటీ రెండుసార్లు చదివి, అక్షర దోషాలేవీ కనిపించకపోవడంతో సంతకం పెట్టేసింది.