నకుల సహదేవుల తొలగింపు

ఆ రోజు ఉదయం దేవిశ్రీ పెట్టుకున్న పని ఒక్కటే. ల్యాబ్‌లోని పెద్ద కంప్యూటర్‌లో కాస్త చోటు ఖాళీ చేసి, టైపింగ్ నేర్పే సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. మధ్యాహ్నం ఎనిమిదో తరగతికి ప్రాక్టికల్ పరీక్ష. అది సరిగ్గా జరగకపోతే తన గతేమిటని వారం రోజులుగా ఆమెకు ఒకటే బెంగ. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం, మార్చి నెలాఖరుతో గడువు ముగుస్తుంది.

హిందీ మాట్లాడే బచేలీలో ఇనుప గని ఉద్యోగుల క్వార్టర్ల పక్కన ఒక ట్రస్టు నడిపే బడి అది. మార్చి వచ్చిందంటే అక్కడ అందరికీ ఒకటే భయం, ఎవరిని ఉంచుతారో, ఎవరిని పంపేస్తారోనని. ఆ ఏడు భయం మరికాస్త ముదిరింది. ప్రిన్సిపాల్ పూనం మేడమ్‌ని ట్రస్టువాళ్ళు ఆ రోజు పొద్దున్నే జగదల్‌పూర్ మీటింగుకి రమ్మన్నారు. ఎందుకో ఆమె ఎవరికీ చెప్పలేదు. కారెక్కుతూ ఎవరి ముఖమూ చూడలేదన్నది మాత్రం స్టాఫంతా గమనించారు.

దేవిశ్రీ ప్రొజెక్టర్ సరిచూసుకుంటూనే పనిలో దిగింది. చోటు లేదని కంప్యూటర్ మొరాయించింది. ఆ లైనక్స్ కంప్యూటర్‌లో ఒక్కో సాఫ్ట్‌వేర్‌ని ఒక్కో ప్యాకేజీ అంటారు. పాత టీచర్లు ఎవరికి తోచినవి వాళ్ళు ఎక్కించి వెళ్ళిపోయారు. నల్ల తెర తెరిచి, ఏవేవి ఎక్కి ఉన్నాయో చూపించమని ఆమె ఒక వాక్యం కొట్టింది. ప్రొజెక్టర్ వెలుగులో గోడ మీద పేర్లు వాగులా పారాయి. వాటిలో దేనికీ అక్కరలేనివి మాత్రమే చూపించమని మళ్ళీ అడిగింది. ఈసారి కాసిని పేర్లే మిగిలాయి. వాటిలో నకుల ఒకటి, సహదేవ ఒకటి. రెండూ హిందీ అక్షరాలు చూపించే ఫాంట్లు, ఎవరో ముచ్చటపడి పెట్టిన పేర్లు. వాటి పక్కన ఇంగ్లీషులో ‘ఇన్‌స్టాల్డ్, ఆటో రిమూవబుల్’ అని ఉంది. ఎక్కి ఉన్నాయి, తీసేసినా నష్టం లేదు అని దాని అర్థం.

ఆ బడిలో నకుల్, సహదేవ్ అని అన్నదమ్ములిద్దరున్నారు. సహదేవ్ బడి బస్సు నడుపుతాడు. నకుల్ గంట కొడతాడు, గేటు చూస్తాడు. చోటెలా దొరుకుతుందా అన్న ఆత్రంలో దేవిశ్రీకి ఆ ఊహే రాలేదు.

సరిగ్గా అప్పుడే హెడ్‌క్లర్కు అప్పలకొండ ల్యాబ్‌లోకి వచ్చాడు. విజయనగరం వైపు మనిషి, వచ్చే ఏడు రిటైరవుతాడు. కళ్ళజోడు సవరించుకుని గోడ మీది అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు. నకుల, తీసెయ్యవచ్చు. సహదేవ, తీసెయ్యవచ్చు.

“ఏటమ్మా ఇది? పైనుంచి వచ్చిందా?”

పైనుంచి అంటే ఇంటర్నెట్ నుంచి అనుకుంది దేవిశ్రీ. “అంతా అక్కణ్ణుంచే వస్తుంది సార్. నేను చూస్తున్నానంతే.”

“ఎప్పుడు తీసేస్తారు?”

“మధ్యాహ్నంలోపు తీసెయ్యాలి. లేకపోతే నా ఉద్యోగానికే ముప్పు.”

“అసలెందుకమ్మా తీసెయ్యడం?”

“లేకపోయినా ఏ పనీ ఆగదట సార్. ఊరికే చోటు దండగ.”

ఇంతకాలం ఎండనక వాననక కొండల ఘాట్ రోడ్డులో బస్సు తోలిన మనిషి గురించి ఈ పిల్ల ఇంత తేలిగ్గా ఎలా అనగలిగిందా అని అప్పలకొండ నివ్వెరపోయాడు. సహదేవ్‌కి ముగ్గురు పిల్లలు. ముసలితల్లి దోర్నపాల్‌లో ఉంది. అంతలోనే ఆయనకు తన సంగతి గుర్తొచ్చింది. తన పేరు కూడా ఒకసారి కొట్టి చూడమని నెమ్మదిగా అడిగాడు. స్టాఫ్‌లో చాలామంది ల్యాబ్‌కొచ్చి తెర మీద తమ పేరు చూసుకుని మురిసిపోతుంటారు. ఈయనదీ ఆ సరదాయే కాబోలనుకుని ఆమె కొట్టింది.

“ఇన్‌స్టాల్ అయినవాటిలో లేదు సార్.”

“లేదా? ఇంకెక్కడైనా ఉందేమో చూడు తల్లీ.”

ఆమె ఇంటర్నెట్‌లో దొరికేవాటిలో కూడా వెతికింది. “అవైలబుల్‌లో కూడా లేదు సార్. అసలు లేనట్టే.”

అప్పలకొండ గుమ్మం దాటి బయటికి వచ్చాడు. వాళ్ళిద్దరికి తీసెయ్యడానికైనా పేరుంది, తనకు అదీ లేదు. వచ్చే ఏడు పెన్షన్ కాగితాలు ఎవరి పేరు మీద పెడతారు? ఆ దిగులుతోనే నకుల్ దగ్గరికి వెళ్ళి, తాను చూసినదంతా చెప్పేశాడు. దాచుకుంటే పాపమనిపించింది.

నకుల్ ఒక పట్టాన నమ్మలేదు. “ఏంది సారూ, మేడం రాకముందే కంప్యూటర్ చెప్పిందా?”

“మీ ఇద్దరి పేర్లూ నా కళ్ళతో చూశాను నాయనా. మధ్యాహ్నంలోపట.”

నకుల్ తమ్ముణ్ణి పిలుచుకొచ్చాడు. సహదేవ్ మాట తక్కువ మనిషి. విన్నాడు, తడిచేతులు తుండుకు తుడుచుకున్నాడు, బస్సు తాళాలు తెచ్చి అప్పలకొండ బల్ల మీద పెట్టాడు. “తీసేసినోని దగ్గర తాళాలుంటే రేపు దొంగ అంటరు సారూ” అన్నాడు. అన్నదమ్ములిద్దరూ గేటు దాటి, ఎర్రదుమ్ములో బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయారు.

దేవిశ్రీకి ఇదేమీ తెలియదు. అక్కరలేని ప్యాకేజీలన్నీ తీసేసింది, టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించింది, ల్యాబ్ తలుపు వేసుకుని పరీక్ష మొదలుపెట్టింది. బయట భోజనాల గంట మోగలేదు. మోగలేదు గనక ఏ టీచరూ పాఠం ఆపలేదు. ఆకలికి చిన్నపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. చివరికి లెక్కల మాస్టారు స్వయంగా గంట కొట్టబోయి, ఎన్ని కొట్టాలో తెలియక ఆగకుండా వాయించారు. అది ప్రమాదం గంట అనుకుని పిల్లలంతా గ్రౌండులోకి పరిగెత్తారు. వాళ్ళను మళ్ళీ లోపలికి చేర్చేసరికి ఇళ్ళకు వెళ్ళే వేళయింది. బస్సుంది, తాళాలున్నాయి, తోలేవాడు లేడు.

తల్లిదండ్రుల ఫోన్లు మొదలయ్యాయి. అప్పలకొండ ప్రతి ఒక్కరికీ ఉన్నమాటే చెప్పాడు, డ్రైవర్ని కంప్యూటర్ తీసేసిందని. షిఫ్టు దిగినవాళ్ళు దిగినట్టే హెల్మెట్లతో గేటు దగ్గరికి వచ్చారు. వాళ్ళలో దేవిశ్రీ భర్త కళ్యాణ్ కూడా ఉన్నాడు. అతను నేరుగా ల్యాబ్‌లోకి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఏం చేశావు? ఆ ఇద్దరి పేర్లూ నువ్వే తీసేశావని బయట అందరూ అంటున్నారు.”

దేవిశ్రీకి పొద్దున అప్పలకొండ అడిగిన ప్రశ్నలు గుర్తొచ్చాయి. సంగతంతా అర్థమయ్యేసరికి ఏడుపే తక్కువ. పరుగున ఆఫీసు గదికి వెళ్ళి అప్పలకొండకు మొరపెట్టుకుంది.

“అవి మనుషులు కాదు సార్, అక్షరాలు.”

“నేనూ అక్షరాలా చదివానమ్మా” అన్నాడాయన దిగులుగా.

అప్పుడే పూనం మేడమ్ కారు గేటు ముందు ఆగింది. వెనక సీట్లో నకుల్, సహదేవ్ బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. బస్టాండులో దోర్నపాల్ వైపు వెళ్ళే సుక్మా బస్సు కోసం నిలబడ్డవాళ్ళను ఆమే చూసి ఎక్కించుకుంది. గేటు దగ్గరి జనాన్ని చూసి ఆమె ముఖం పాలిపోయింది. దేవిశ్రీని, అప్పలకొండను తన గదికి పిలిచి తలుపు వేసింది. దేవిశ్రీ చేతులు నలుపుకుంటూ ఫాంట్ల సంగతి మొదలుపెట్టబోయింది. మేడమ్ విననే లేదు.

“మీకెలా తెలిసింది?” అని అడిగింది. “పొద్దున మీటింగులోనే కదా నిర్ణయించారు.”

ఏం నిర్ణయించారని ఇద్దరూ అడిగారు. అప్పుడు మేడమ్ హిందీలో అసలు విషయం చెప్పింది. బస్సు పని ఒక ప్రైవేటు ఏజెన్సీకి ఇవ్వాలని, గేటు దగ్గర కరెంటు గంట పెట్టాలని ట్రస్టు ఆ ఉదయమే తీర్మానించింది. నకుల్, సహదేవ్ ఇక రానక్కరలేదు. ఈ మాట వాళ్ళతో ఎలా చెప్పాలో తెలియక ఆమె దారంతా కుమిలిపోయింది. తీరా వస్తే, చెప్పకముందే వాళ్ళు బస్టాండులో కనిపించారు.

దేవిశ్రీ ఫాంట్ల సంగతి పూర్తిగా చెప్పాక మేడమ్ ట్రస్టు సెక్రటరీకి ఫోన్ చేసింది. విషయం బయటికి పొక్కిందని, పొద్దున్నుంచి బడిలో ఒక్క పనీ సాగలేదని, తల్లిదండ్రులు గేటు ముందు నిలబడ్డారని, రేపటికి వాళ్ళ యూనియన్ కూడా వస్తుందని చెప్పింది. ఎవరు చెప్పారని అవతల సెక్రటరీ గద్దించాడు. మేడమ్ దేవిశ్రీ వైపు చూసింది. “కంప్యూటర్‌లో వచ్చిందట సార్” అంది.

కంప్యూటర్‌లో ఇంకేమేం బయటపడతాయోనన్న బెదురుతో సెక్రటరీ స్వరం మెత్తబడింది. అలాంటి తీర్మానం ఏదీ జరగలేదన్నాడు. ఆ కంప్యూటర్ టీచరు కాంట్రాక్టు ఈ రోజే పొడిగించమని కూడా చెప్పాడు.

“ఫాంట్ల సంగతి నీలోనే ఉంచుకో” అంది మేడమ్ ఫోన్ పెట్టేస్తూ.

అప్పలకొండ తన మాటేమిటని భయంభయంగా అడిగాడు. ఆయన సర్వీసు రికార్డు బీరువాలో భద్రంగా ఉందని మేడమ్ తీసి చూపించాక గానీ అప్పలకొండ కుర్చీలో కూర్చోలేదు.

బస్సు బయలుదేరబోతుంటే సహదేవ్ కిటికీలోంచి తల బయటపెట్టి దేవిశ్రీని అడిగాడు. “మా పేర్లు మళ్ళ ఎక్కిచ్చినవా మేడం?”

“ఎక్కించాను” అంది దేవిశ్రీ. ఆ మాట అబద్ధం కాకూడదని నేరుగా ల్యాబ్‌కి వెళ్ళి, చోటు కోసం టైపింగ్ సాఫ్ట్‌వేర్ తీసేసి, ఆ రెండు ఫాంట్లూ మళ్ళీ ఎక్కించింది.

మర్నాటి నుంచి ఆ బడిలో టీ మొదట ల్యాబ్‌లోని దేవిశ్రీకి వెళ్ళి, ఆ తర్వాతే ప్రిన్సిపాల్ గదికి వెళ్తోంది.