రేగులకుంటలో నీటిమట్టం తగ్గించిన విధానం

సమస్త కళాభిమానులకు తెలియజేయునది ఏమనగా, 2005 జూన్ మాసంలో నాచారంలోని ఒక మందుల కంపెనీలో సీసాలకు లేబుళ్లు అంటించే ఉద్యోగానికి జ్ఞానయ్య రాజీనామా ఇచ్చి, ప్రకృతి దృశ్య చిత్రకారుడిగా స్వయం ఉపాధిలోకి దిగాడు. ఆ నష్టం నుంచి కంపెనీ మధ్యాహ్నం షిఫ్టుకల్లా తేరుకుంది.

భార్య రూతు మాత్రం గడువు పెట్టింది. “మూడేండ్లు సూస్తా. బొమ్మలతోని ఇల్లు గడిస్తే మంచిదే. లేకుంటే మల్ల లేబుళ్లే.” జ్ఞానయ్య లేబుల్ అన్న మాట వింటేనే ముక్కు మూసుకునేవాడు. పన్నెండేళ్లు జిగురు వాసన పీల్చాడు మరి.

ఉప్పల్ రోడ్డు మీద బొమ్మల దుకాణానికి చిన్న మడిగ అద్దెకు తీసుకుని, మొట్టమొదట తన ఇంటి వెనకున్న రేగులకుంటను వేశాడు. తలుపంత బొమ్మ. కంటికి కనిపించింది కనిపించినట్టు వేశాడు: నైరుతి మూలన నీళ్లు, నీళ్లలో పక్కింటి మల్లవ్వ బర్రె, గట్టు మీద ఫ్యాక్టరీ గొట్టం, దాని కింద ఊదారంగు నురగ. సాయంత్రపు ఎండలో ఆ నురగ ఎంత బాగుంటుందో నాచారం మొత్తం మీద అతనొక్కడికే తెలుసు. ఈ ఒక్క బొమ్మను ఎవరైనా ఉన్నదున్నట్టు గోడకు తగిలించుకుంటే చాలు, తన బతుకు వృథా పోలేదనుకుంటానన్నాడు.

మొదటి గిరాకీ రామ్మోహనరావుగారు. రిటైరైన సూపరింటెండెంటు. జేబులోంచి దిక్సూచి తీసి బొమ్మకు ఆనించి చూశారు.

“నీళ్లు నైరుతిలో పెట్టావేమయ్యా? ఇల్లు నిలుస్తుందా?”

“కుంట ఆడనే ఉంది సార్.”

“కుంటకు తెలియదు. చదువుకున్నవాడివి, నీకైనా తెలియొద్దూ?”

ఆ రోజు నుంచి ప్రకృతిలోని పొరపాట్లు ఒక్కొక్కటే జ్ఞానయ్యకు తెలిసొచ్చాయి. వాస్తు పండితుడు చిదంబరంగారు మడిగలోనే కుర్చీ వేసుకుని దిద్దుబాట్లు చెప్పేవారు. బర్రె యముడి వాహనం కనుక నిషేధం. దాని బదులు ఏడు గుర్రాలు. అస్తమించే సూర్యుడు అరిష్టం కనుక రోజంతా ఉదయమే. ఖాళీ దారి వేస్తే లక్ష్మి ఆ దారినే వెళ్లిపోతుంది కనుక మధ్యలో ఒక బండరాయి. “మాకు వాస్తు గిట్ల ఏం లేదు బ్రదర్” అని గట్టిగా చెప్పిన చర్చి పెద్దలు, “నీళ్లు మాత్రం ఈశాన్యంల పెట్టు, కింద వాక్యం రాయి” అని మెల్లగా చెప్పి వెళ్లారు. ఇల్లు ఎలాగో గడిచింది. అసలు బొమ్మ మాత్రం వెనక గోడకు మొహం తిప్పుకుని నిలబడింది.

2007లో బిల్డర్ మురళీధర్‌గారు రేగులకుంటను మట్టితో నింపి, దాని మీద ‘లేక్ వ్యూ టవర్స్’ అనే అయిదంతస్తుల భవనం కట్టారు. చెరువెక్కడని కొన్నవాళ్లు అడగకముందే ఏర్పాటు చేసిన దూరదృష్టి ఆయనది. నలభై ఫ్లాట్లకూ నలభై చెరువుల బొమ్మలు జ్ఞానయ్యతో వేయించి హాళ్లలో తగిలించారు. కిటికీలోంచి చూసే చెరువుకైతే దోమలుంటాయని ఆయన వాదన. కింద లాబీలో పెద్ద గోడ ఒకటి ఖాళీగా మిగిలితే, అసలు బొమ్మను బర్రెతో సహా కొనేశారు. సైజు సరిపోయిందట. ఆ రోజు జ్ఞానయ్య స్కూటర్ మీద ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాడు. సంతోషం పట్టలేక ఏడ్చిన ఏడుపది.

కుంట పోయాక బర్రెను అమ్మేసిన మల్లవ్వ అదే భవనంలో ఊడ్చే పనికి కుదిరింది. రోజూ చీపురు పక్కన పెట్టి, బొమ్మలోని బర్రెను కాసేపు చూసుకునేది.

2008 ఆగస్టులో వానలు పడ్డాయి. రేగులకుంట నీళ్లు ఎప్పటిలాగే రేగులకుంటకు వచ్చాయి. సెల్లార్‌లో కార్లు తేలాయి. అసోసియేషన్ అత్యవసర సమావేశం పెట్టి చిదంబరంగారిని పిలిపించింది. ఆయన దిక్సూచితో భవనమంతా తిరిగి లాబీలో ఆగారు. నైరుతిలో నీళ్లు, నీళ్లలో యమవాహనం! అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కారణం దొరికింది.

“సార్, కుంటల ఇల్లు కట్టిన్రు. నీళ్లు యాడికి పోతయ్?” అన్నాడు జ్ఞానయ్య.

“కుంట అనకు అన్నా! రేట్లు పడిపోతయ్,” అన్నాడు రెండో అంతస్తు మహిపాల్.

చిత్రంలో నీటిమట్టాన్ని తక్షణం తగ్గించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. పని చెయ్యనంటే నలభై ఇళ్ల నోళ్లు ఊరుకోవు, కొత్త గిరాకీ రాదు, రూతు గడువు రెండు నెలల కిందే దాటింది. జ్ఞానయ్య కుంచె పట్టుకుని ఎండనూ నురగనూ బర్రెనూ ఒక్కొక్కటే పచ్చికతో కప్పేశాడు. వెనక మల్లవ్వ నిలబడి ఉంది.

“నా బర్రె ఏది, జ్ఞానయ్యా?”

“తీర్మానమైంది, అవ్వా.”

వాన వెలిసింది. మోటార్లు నాలుగు రోజులు తోడాయి. సెల్లార్ ఎండింది. “ప్రకృతిని అదుపులో పెట్టిన ఏకైక చిత్రకారుడు” అంటూ రామ్మోహనరావుగారు శాలువా కప్పారు. చుట్టుపక్కల మునిగిన కాలనీలన్నీ జ్ఞానయ్యకు ఫోన్లు చేశాయి. రూతు మరో మూడేళ్లు పొడిగించింది.

సెప్టెంబరులో మళ్లీ వాన. మళ్లీ నీళ్లు. చిదంబరంగారు బొమ్మ దగ్గరికి వెళ్లి గోటితో పచ్చికను గీకారు. కింద నీలం కనిపించింది.

“పైన గడ్డి పూసి కింద చెరువు దాస్తవా? పిల్లజెల్ల ఉన్నోళ్లం, గింత మోసమా?” అని నలభై కుటుంబాలు మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి జ్ఞానయ్యను నిలదీశాయి. సభాధ్యక్షులు మురళీధర్‌గారి కళ్లు చెమ్మగిల్లాయి. “కింద ఒకటి, పైన ఒకటి! మనుషుల్ని ఎట్ల నమ్మాలె?” అన్నారు. చప్పట్లు మోగాయి. కాలనీలన్నీ ఆర్డర్లు వెనక్కి తీసుకున్నాయి.

జ్ఞానయ్య మళ్లీ లేబుళ్లు అంటిస్తున్నాడు. జిగురు వాసన ఇప్పుడు అంత వెగటుగా లేదు. లోపల ఏముందో పైన అదే రాసి ఉండే వస్తువు ఈ ఊళ్లో ఈ సీసా ఒక్కటేనని రూతుతో గర్వంగా చెబుతుంటాడు. లోపల ఏముందో మాత్రం అతనెప్పుడూ అడగలేదు. తాగే మనమూ అడగలేదు.